కోచ్ అన్న మాట

వీరాంజనేయులుకి యాభై నాలుగేళ్ళు. అమెరికాలోని నోవైలో కార్లకు బ్రేకు భాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. ఇతరులు చేసిన వస్తువుల్లో తప్పులు పట్టడం ఆయన వారమంతా చేసే పని. శని ఆదివారాల్లో చేసేదీ అదే. కాకపోతే అప్పుడు ముఖానికి ఊచల మాస్కు, ఛాతీకి దళసరి కవచం తగిలించుకుని చేస్తాడు. ఆయన బేస్‌బాల్ అంపైరు.

ఆంధ్రా నుంచి వచ్చిన మనిషి బేస్‌బాల్ అంపైరు ఎలా అయ్యాడని అడిగితే, ఖాళీగా నిలబడి ఉండటం వల్ల అయ్యాడని చెప్పాలి. కూతురు సంహితకు ఎనిమిదేళ్ళప్పుడు పార్కులో బేస్‌బాల్ లాంటి పిల్లల ఆట సాఫ్ట్‌బాల్‌కి తీసుకెళ్ళేవాడు. ఒకరోజు అంపైరు రాలేదు. తల్లిదండ్రులంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే ఈయన ముందుకొచ్చి, నాకు అంపైరింగ్ అనుభవం ఉందన్నాడు. అది నరసరావుపేట కాలేజీ గ్రౌండులో క్రికెట్ అనుభవం అని మాత్రం చెప్పలేదు. మాస్కు చేతికిచ్చారు. రెండేళ్ళకే సంహిత ఆట మానేసింది, తండ్రి మానలేదు. పరీక్షలు రాశాడు, శిక్షణా శిబిరాలకు వెళ్ళాడు, పదకొండేళ్ళుగా చిన్న కాలేజీల ఆటలకు అంపైరుగా వెళ్తున్నాడు. "రిటైరైన హెడ్మాస్టరు పెళ్ళికెళ్ళినా భోజనాల బంతిలో పిల్లల్ని వరసలో కూర్చోబెడతాడట, అట్టా ఉంది ఈయన సంగతి" అని భార్య నాగమల్లేశ్వరి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఒక ఏప్రిల్ శనివారం వీరాంజనేయులు కోచ్ రస్ కెల్లర్‌ని మైదానంలోంచి పంపించేశాడు. పంపించడం గొప్ప సంగతేమీ కాదు. ఆ లీగ్‌లో కెల్లర్‌ని ఏదో ఒక రోజు పంపించని అంపైరు లేడు.

కెల్లర్ అరవై దాటినవాడు. నోవైకి అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న కాలేజీకి ఇరవై ఆరేళ్ళుగా కోచ్. ఎర్రగా, గుండ్రంగా, ఎప్పుడు పేలతాడో తెలియని మనిషి. టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు. ఒకసారి బకెట్టెడు బంతులు మైదానం మధ్యలో ఒంపేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ వారం అదే అంపైరుకి కాఫీ పట్టుకొచ్చి, వాళ్ళావిడ మోకాలు ఆపరేషన్ ఎలా అయిందని అడిగేవాడు. అతని చేతిలో పెరిగిన కుర్రాళ్ళు పెళ్ళిళ్ళకు పిలిచేవారు. కాలేజీ పెద్దలకు మాత్రం విసుగొచ్చింది. ఆ ఏడు ఏప్రిల్‌కే రెండుసార్లు బయటికి పంపబడ్డాడు. స్పోర్ట్స్ వ్యవహారాలు చూసే డైరెక్టరు జేనెట్ ఒక ఉత్తరం ఇచ్చింది. మూడోసారి గనక మర్యాద తప్పిన మాట బయటికొస్తే ఉద్యోగమే ఉండదని అందులో రాసి ఉంది. ఈ సంగతి అంపైర్లందరికీ తెలుసు, వీరాంజనేయులుకీ తెలుసు.

వీళ్ళిద్దరికీ మంచి మాటలుండేవి. రెండేళ్ళ కిందట ఒకసారి వాన పట్టి ఆట ఆగిపోతే, గీతలు గీసే సున్నం, గడ్డపారలు పెట్టుకునే షెడ్డులో ఇద్దరూ గంటన్నర కూర్చున్నారు. అప్పుడు వీరాంజనేయులు మొదటిసారి క్రికెట్ సంగతి బయటపెట్టాడు. బ్యాటింగ్ రాక అంపైరునయ్యానని, అక్కడ ఒక పెద్ద నియమం ఉందని చెప్పాడు. అనుమానం వస్తే బ్యాట్స్‌మన్ వైపే తీర్పివ్వాలి. ఎందుకంటే వాడికి ఒక్కటే ప్రాణం, ఒకసారి పోతే ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే. కెల్లర్, ఇక్కడ బ్యాటర్ అరగంటలో మళ్ళీ వస్తాడు కాబట్టి జాలి చూపాలంటే బంతి విసిరే పిచ్చర్ మీదే చూపాలని అన్నాడు. తర్వాత కళ్ళు చికిలించి, ఆ అలవాటు నీకు పూర్తిగా పోయిందా అని అడిగాడు. ఎప్పుడో పోయిందని వీరాంజనేయులు నవ్వాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ శనివారం మంచు కరిగిపోయింది గాని కంచె నీడలో ఇంకా మురికిగా కొంత మిగిలే ఉంది. గాలి ముఖం కోస్తోంది. ఏడో ఇన్నింగ్స్‌కే వీరాంజనేయులు వేళ్ళు తిమ్మిరెక్కి, చేతిలో బంతులు లెక్కపెట్టుకునే చిన్న యంత్రం చక్రాలు తిప్పితే తిరిగాయో లేదో చూసుకోవలసి వస్తోంది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఆఖరిది. కెల్లర్ జట్టు ఒక్క పరుగు ముందుంది. ఇద్దరు ఔట్. మూడు బేసుల మీదా అవతలి జట్టువాళ్ళు నిలబడి ఉన్నారు. బ్యాటరుకి మూడు బాల్సు, రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇక వేసే బంతి సరైన చోట పడితే స్ట్రైక్, బ్యాటర్ ఔట్, ఆట ముగుస్తుంది. పడకపోతే బాల్, బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేసుకి వెళ్తాడు, మూడో బేసు మీదివాడు ఇంటికొస్తాడు, స్కోరు సమం.

బంతి వచ్చింది. మోకాళ్ళ ఎత్తున, బయటి అంచున. అదే క్షణంలో, అంపైరు ముందు కూర్చుని బంతి పట్టే క్యాచర్ పైకి లేచి అడ్డం వచ్చాడు. వీరాంజనేయులుకి క్యాచర్ హెల్మెట్ వెనకభాగం కనపడింది, గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు వినపడింది, అంతే. బ్యాటర్ ముందు నేలలో ఉన్న ప్లేటు మీదుగా వచ్చిందో పక్కనుంచి వచ్చిందో ఆయన చూడలేదు.

"బాల్" అన్నాడు.

నోరు అనేసింది. అనుమానం వచ్చింది, బ్యాటరుకి ఇచ్చేశాడు. అమెరికాలో పాతికేళ్ళు, మాస్కు వెనక పదమూడేళ్ళు, లెక్కలేనన్ని శిక్షణా శిబిరాలు, అన్నిటినీ నెట్టుకుని నరసరావుపేట గ్రౌండు ముందుకొచ్చి నిలబడింది. ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది. చేసిన తప్పు చురుక్కుమని తగిలింది. ఆ తర్వాత చాలా రోజులపాటు ఆయనకు స్పష్టంగా కలిగిన అనుభూతి అదొక్కటే.

కెల్లర్ బయటికొచ్చాడు. బాల్స్, స్ట్రైకుల మీద వాదించడానికి కోచ్ బయటికి రాకూడదు. వస్తే హెచ్చరించాలి, ఆగకపోతే పంపించాలి. వీరాంజనేయులు చెయ్యెత్తి హెచ్చరించాడు. కెల్లర్ ఆగలేదు. అయితే ఆ రోజు అతను అరవలేదు, ఆశ్చర్యం అదే. మాస్కుకి జానెడు దూరం దాకా వచ్చి, వేలు ఛాతీకి గురిపెట్టి, పక్కనే ఉన్న క్యాచరుకి కూడా వినపడనంత నెమ్మదిగా ఇంగ్లీషులో అన్నాడు:

"వీర్, నువ్వది చూడలేదు. చూడలేదు కాబట్టి అనుమానాన్ని బ్యాటరుకి ఇచ్చావు. మీ క్రికెట్లో ఇస్తామని చెప్పావే, అలాగే ఇచ్చావు."

వీరాంజనేయులు చెయ్యి దానంతటదే లేచి, వేలు కాలేజీ భవనాల వైపు చూపించింది. పో అని అర్థం. కెల్లర్ అబద్ధమాడి ఉంటే అతన్ని ఇంకో రెండు మాటలు అననిచ్చేవాడేమో. నిజం చెప్పినవాణ్ణి భరించడం ఆ క్షణాన ఆయనవల్ల కాలేదు. ఆ తర్వాత కెల్లర్ మామూలు కెల్లర్ అయిపోయాడు. టోపీ నేలకేసి కొట్టాడు, కాలితో తన్నాడు, చేతులు గాల్లోకి విసురుతూ వెళ్ళిపోయాడు. తర్వాతి బ్యాటర్ కొట్టిన దెబ్బకి ఇంకో ఇద్దరు ఇంటికొచ్చారు. కెల్లర్ జట్టు ఓడిపోయింది.

పార్కింగ్ లాట్‌లో కారు డిక్కీ దగ్గర బూట్లు మార్చుకుంటుంటే, బేసుల దగ్గర నిలబడ్డ రెండో అంపైరు మార్కస్ వచ్చి అడిగాడు. అంత దగ్గరికొచ్చి ఏమన్నాడు, పాడు మాట ఏమైనా అన్నాడా అని. మార్కస్ నల్లజాతివాడు, ఆ ప్రశ్న వెనక అతని అనుభవం అతనికుంది. వీరాంజనేయులు బూటు తాళ్ళు ముడి వేస్తూ, వదిలేయ్ మార్కస్, ఇప్పుడెందుకులే అన్నాడు. మార్కస్ ఆయన భుజం మీద చెయ్యివేసి, కాసేపు అలాగే ఉంచి వెళ్ళిపోయాడు.

"ఎందుకులే" అన్నమాట మనవాళ్ళకు చిన్నప్పటినుంచీ నాలుక చివరన ఉంటుంది. మామగారు మాట తూలితే ఎందుకులే, పక్కింటాయన గోడ జరిపి కట్టుకుంటే ఎందుకులే. చెప్పుకోలేనిదీ చెప్పదలుచుకోనిదీ రెండూ ఆ ఒక్కమాట కిందే దాక్కుంటాయి. వినేవాడు తనకు తోచింది నింపుకుంటాడు. వీరాంజనేయులు ఆ రోజు ఆ మాట మొదటిసారి వాడాడు. వారం తిరక్కుండా ఎన్నిసార్లు వాడాడో లెక్కలేదు.

ఇంటికొచ్చి వేణ్ణీళ్ళతో స్నానం చేశాడు. వేళ్ళలోకి రక్తం వచ్చింది గాని తిమ్మిరి వదిలినట్టు అనిపించలేదు. నాగమల్లేశ్వరి గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టింది. పులుపు తెలియలేదు. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందన్నాడు. తర్వాత ఆవిడ రుచి చూసుకుంటే అందులో అసలు ఉప్పే పడలేదు.

ఆదివారం పొద్దున్నే శేషగిరి ఫోన్ చేశాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి, కరీంనగర్ మనిషి, మంచివాడు. ఎవరికి కష్టమొచ్చినా ముందు తన కారే బయల్దేరుతుంది. కాలేజీవాళ్ళు ఆటను ఇంటర్నెట్‌లో చూపిస్తారు, ఆ వీడియోలోంచి నలభై సెకన్ల ముక్క ఎవరో కత్తిరించి పెట్టారు. శబ్దం లేదు, గాలి హోరు తప్ప. ఎర్రటి ముఖంతో ఒక పెద్ద మనిషి, మనవాడి ఛాతీకి వేలు గురిపెట్టి ఏదో అంటున్నాడు. మనవాడు పొమ్మన్నాడు. అతను టోపీ తన్నాడు. అది అప్పటికే వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగింది.

"అన్నా, వాడేమన్నడో మాకు తెల్వదనుకుంటున్నరా? మనోళ్ళను ఇసొంటోళ్ళు ఏమంటరో అందరికి తెలుసు" అన్నాడు శేషగిరి.

"ఎందుకులే శేషగిరీ ఇప్పుడు అదంతా."

"మీ పెద్దమనసు మీది. మీరు పరేషాన్ కాకుండ్రి, మేమున్నం."

మధ్యాహ్నానికి, కోచ్ మీద చర్య తీసుకోవాలని కాలేజీకి ఉత్తరం తయారైంది. సాయంత్రానికి మూడువందల పది సంతకాలు. వేరే రాష్ట్రాల్లోని ప్లెయిన్స్‌బరో నుంచి, డాలస్ నుంచి కూడా పెట్టారు. ముక్కూ ముఖం తెలియని ఆడవాళ్ళు నాగమల్లేశ్వరికి ఫోన్ చేసి, మీ ఆయన ఎంత ఓర్పుగా నిలబడ్డారండీ అన్నారు. పదమూడేళ్ళుగా మాస్కు పిచ్చి అని వెక్కిరించిన ఇల్లాలు, ఆ పూట మొగుణ్ణి కొత్తగా చూసింది. వచ్చి పక్కన కూర్చుని, మీరు నాకు కూడా చెప్పరా అంది. చెప్పడానికేం లేదన్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ నీళ్ళు చూసి కూడా ఆయనకు ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదే అని మాత్రం అనిపించింది.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. కోచ్‌ని పంపించిన అంపైరు ఇరవై నాలుగు గంటల్లో లీగ్ వెబ్‌సైట్లో రిపోర్టు రాయాలి. ఎన్నో ఇన్నింగ్స్, ఎందుకు, ఎవరు, అన్నీ చిన్న చిన్న గళ్ళు. ఆఖరున ఒక పెద్ద గడి. ఖచ్చితంగా ఏ మాటలు అన్నారో, మార్చకుండా, మెత్తబరచకుండా రాయండి అని దాని మీద ఉంటుంది. అంపైర్లకు అదొక నియమం, పట్టుదల కూడా. ఎంత బూతైనా అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. సోమవారం ఆఫీసులో టై కట్టుకుని కూర్చునే పెద్దమనుషులు కూడా ఆదివారం ఆ గడిలో రాసే మాటలు చూస్తే చదివేవాళ్ళు కళ్ళు మూసుకోవాలి. వీరాంజనేయులుకి ఆ విషయంలో పేరుంది. అనని మాట రాయడు, అన్నమాట వదలడు.

సంహిత ఆ ఆదివారం ఇంటికొచ్చింది. యాన్ ఆర్బర్‌లో చదువుతోంది, వారానికోసారి బట్టలు ఉతుక్కోవడానికి వస్తుంది. వీడియో తనూ చూసింది. చిన్నప్పుడు రెండు వేసవులు కెల్లర్ నడిపే క్యాంపుకి వెళ్ళిన పిల్ల. బట్టలు మెషీన్లో వేసి, తండ్రి కంప్యూటర్ ముందు కూర్చున్న గదిలోకి వచ్చి, అందరూ అడిగినదాన్ని అడగలేదు.

"నాన్నా, వాజ్ ఇట్ ఎ స్ట్రైక్?"

పదకొండేళ్ళలో ఎవరికీ చెప్పని మాట ఆయన చెప్పాడు. "తెలీదమ్మా. నాకు కనపడలా."

"మరి కోచ్ అదే చెప్పాడా నీకు?"

ఆయన తల ఊపాడు. షెడ్డు సంగతి, క్రికెట్ సంగతి, కెల్లర్ అన్నమాట అన్నీ చెప్పాడు. వేరెవరికో జరిగిన సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"అంతేనా? వేరే ఏం అనలేదా?"

"ఏం అనలేదు."

"అయితే అదే రాయి నాన్నా. ఆయన జాబ్ పోతుంది."

"చూద్దాంలే."

సంహిత వెళ్ళి మెషీన్ ఆపేసింది. బట్టలు పూర్తిగా ఆరకుండానే సంచిలో కుక్కుకుని, చీకటి పడకముందే వెళ్ళిపోయింది.

ఆయన ఆ పెద్ద గడి ముందు కూర్చున్నాడు. కంపెనీలో ఆయన దగ్గరికి వారానికి పది రిపోర్టులు వస్తాయి. భాగం ఎందుకు పాడైందో, అసలు కారణమేమిటో సరుకు పంపినవాళ్ళు రాయాలి. తెలియదనో, గుర్తులేదనో రాస్తే ఎర్ర అక్షరాలతో తిప్పి పంపుతాడు. అలా తిప్పి పంపడంలో ఆయన్ని మించినవాడు ఆ భవనంలో లేడు. ఇప్పుడు గడిలో ఏం రాయాలో ఆయనకు తెలుసు. ముప్పైలోపు మాటలు. అవి రాస్తే బంతి చూడకుండా తీర్పిచ్చాడని తన చేత్తో తను రాసినట్టు. మే నెలలో లీగ్ టోర్నమెంట్ ఉంది, ఈసారి అక్కడ ప్రధాన అంపైరుగా ప్లేటు వెనక నిలబడే అవకాశం మొదటిసారిగా ఆయన దాకా వస్తుందని అంపైర్లను వేసే పెద్దాయన మాట ఇచ్చాడు. అటు చూస్తే మూడువందల పదిమంది సంతకాలు. ఇన్ని చూసుకుని కూడా, భయమేసిందా, సిగ్గేసిందా అంటే ఏమీ వెయ్యలేదు. కెల్లర్ గురించి ఆలోచించాలని ప్రయత్నించాడు. ఆలోచన రాలేదు.

పంపించిన కారణం అన్నచోట, బాల్స్, స్ట్రైకుల మీద హెచ్చరించిన తర్వాత కూడా వాదించాడు అని రాశాడు. అది అక్షరాలా నిజం. పెద్ద గడిలో, ఖచ్చితమైన మాటలు గుర్తులేవు అని రాశాడు. బటన్ నొక్కాడు. చేరిందని వెబ్‌సైటు ధన్యవాదాలు చెప్పింది.

మంగళవారం ఆఫీసులో ఉండగా జేనెట్ ఫోన్ చేసింది. వీరాంజనేయులు కొలతల గదిలో ఉన్నాడు. ముందు గ్రానైటు బల్ల మీద ఒక బ్రేకు పిస్టన్ ఉంది. ఆవిడ మాట కటువుగా లేదు, అలసటగా ఉంది. సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుంటోందని, తన దగ్గర ఒక ఉత్తరం, ఒక వీడియో, గుర్తులేదన్న ఒక రిపోర్టు ఉన్నాయని చెప్పింది. కోచ్‌ని అడిగితే అతనేమీ చెప్పడం లేదట. అంపైరుకి చెప్పింది అంపైరు దగ్గరే ఉంటుంది, ఆట అయిపోయాక నేను బయట మాట్లాడను అన్నాడట. తర్వాత అతనన్న ఇంకో మాట ఆవిడ చదివి వినిపించింది, కాగితం మీద రాసుకున్నట్టుంది.

"వీర్‌ని అడగండి. పదకొండేళ్ళలో నేను అనని మాట అతనెప్పుడూ రాయలేదు. అతనేం చెబితే దాని కింద సంతకం పెడతాను."

వీరాంజనేయులు పిస్టన్ని ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరిపాడు.

రిపోర్టు రాసినప్పుడు కోచ్ ఇలా అంతా మీ మాటకే వదిలేస్తాడని మీకు తెలియదు కదా, ఇప్పుడు చెప్పొచ్చు అని ఆవిడ తనే ఆయన తరఫున ఒక దారి చూపించింది. మీ పుట్టుక గురించి, మీ దేశం గురించి అతను ఏమీ అనలేదని ఒక్కమాట మీరు చెబితే చాలు, ఒక ఆట కూర్చోబెట్టి వదిలేస్తాం అంది. అన్నాడంటే అది వేరే. మీరేం చెప్పినా సరే, ఏదో ఒకటి చెప్పండి అంది.

ఒక్కమాట. అనలేదు. నోట్లో అది తయారుగానే ఉంది. అనలేదు అంటే, మరి ఏమన్నాడని అడుగుతుంది. ఏమన్నాడో చెబితే, నిజంగా చూడలేదా అని అడుగుతుంది. ఆ మూడో ప్రశ్న దగ్గరికి ఆయన వెళ్ళలేకపోయాడు.

"దాని గురించి నేను మాట్లాడదలుచుకోలేదు" అన్నాడు ఇంగ్లీషులో. ఎందుకులే అన్నమాటకి ఇంగ్లీషు అదే అనుకుంటాను.

 ఆవిడ, అర్థమైంది అంది, చాలా మెత్తగా అంది. మీరు పడ్డదానికి కాలేజీ తరఫున క్షమాపణ చెబుతున్నానంది. మనవాడు థాంక్యూ అన్నాడు. అబద్ధమాడలేదు మహానుభావుడు. రిపోర్టులో రాసిన గుర్తులేవు అన్నది తప్పిస్తే, మొదటినుంచి చివరిదాకా ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని పిస్టన్ కొలిచాడు. మనిషి వెంట్రుకలో పదో వంతు తేడా ఉంది. పనికిరాదని పక్కన పెట్టాడు.

కెల్లర్‌ని సాయంత్రమే తీసేశారు. బుధవారం కాలేజీవాళ్ళు రెండు పేరాల ప్రకటన ఇచ్చారు. శేషగిరి అది గ్రూపుల్లో పెట్టి, ఇది మనందరి విజయం అని రాశాడు. నాలుగొందల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఉగాది వేడుకల్లో శాలువా కప్పుతామన్నారు, మనవాళ్ళ ఉగాది అక్కడ హాలు దొరికినప్పుడు వస్తుంది కదా. వీరాంజనేయులు వద్దన్నాడు. వద్దనడం వల్ల ఇంకా గొప్పవాడయ్యాడు. సంహిత ఆ వారం బట్టలు ఉతకడానికి రాలేదు. పై వారమూ రాలేదు. నాగమల్లేశ్వరి ఫోన్ చేస్తే, క్యాంపస్‌లోనే వేసుకుంటున్నానని చెప్పిందట.

కెల్లర్ నుంచి ఏమైనా వస్తుందని ఆయన ఎదురుచూశాడు. తిట్టుకుంటూ ఒక మెసేజ్, అర్థం లేని ఒక మిస్డ్ కాల్, ఏదో ఒకటి. ఏమీ రాలేదు. ఏం చెబితే దాని కింద సంతకం పెడతానన్న మనిషి, సంతకం పెట్టేసి వెళ్ళిపోయాడు.

మే నెలలో టోర్నమెంట్ సెమీఫైనల్‌కి ఆయన్ని ప్లేటు వెనక వేశారు. చలి పోయింది. మంచి ఎండ, కొత్తగా కోసిన గడ్డి, స్టాండ్ల నిండా జనం. ఆటకు ముందు ఇద్దరు కోచ్‌లూ వచ్చి చేతులు కలిపారు. ఇద్దరూ సర్ అన్నారు. అంతకు ముందు ఆయన్ని ఆ మైదానాల్లో సర్ అన్నవాళ్ళు లేరు. ఇద్దరూ చెయ్యి తొందరగా వెనక్కి తీసుకున్నారు.

మొదటి ఇన్నింగ్స్‌లో అంచు మీద పడ్డ బంతిని బాల్ అన్నాడు. ఎటువైపైనా చెప్పగలిగిన బంతి అది. మామూలుగా అయితే ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోంచి కనీసం ఒక మూలుగు వస్తుంది. ఎవరో ఒకడు కళ్ళజోడు పెట్టుకోమంటాడు. ఏమీ రాలేదు. ఇంకో రెండు అలాంటివి పడ్డాయి. క్యాచర్లు తల వెనక్కి తిప్పలేదు. ఒక బ్యాటర్ ఔటై, ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి, నోరు మూసుకుని వెళ్ళాడు. వాడి కోచ్ వాణ్ణి మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పి ఉంటాడో వీరాంజనేయులుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయనతో జాగ్రత్త, ఆయన జోలికి వెళ్ళినవాడు ఇంటికెళ్ళాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బంతి వచ్చింది. నడుము ఎత్తున, ప్లేటుకి నట్టనడుమ. క్యాచర్ గ్లవ్ వెంట్రుకవాసి కదల్లేదు. స్టాండ్ల ఆఖరి వరసలో ఐస్‌క్రీం తింటున్న పిల్లకు కూడా అది స్ట్రైకని తెలుస్తుంది. వీరాంజనేయులు దాన్ని పిచ్చర్ వేళ్ళు విడిచిన దగ్గర్నుంచి గ్లవ్‌లో పడేదాకా చూశాడు. అంత స్పష్టంగా ఆయన ఏ బంతినీ చూసి ఉండడు.

"బాల్" అన్నాడు.

కావాలనే అన్నాడు. గట్టిగా, రెండు డగౌట్లకూ వినపడేలా అన్నాడు.

పిచ్చర్ చేతులు రెండూ పక్కకు వేలాడేసి ఒక్క క్షణం చూసి, కింద మట్టిని బూటుతో సర్దుకున్నాడు. క్యాచర్ మెడ బిగుసుకుంది, కాని తిరగలేదు. స్టాండ్లలో ఒక గుసగుస లేచి అణిగిపోయింది. వీరాంజనేయులు పిచ్చర్ జట్టు డగౌట్ వైపు చూశాడు. కోచ్ మెట్టు మీద నిలబడి ఉన్నాడు, ముప్పై ఐదేళ్ళ కుర్రవాడు, దవడ కండరం కదులుతోంది. రా, అనుకున్నాడు వీరాంజనేయులు. ఆ నెల రోజుల్లో ఆయనకు ఏదైనా కావాలనిపించడం అదే మొదటిసారి. వచ్చి నా ముఖం మీద వేలు పెట్టు, గుడ్డివాడివా అని అడుగు, టోపీ తన్ను.

కోచ్ రెండు చేతులూ చరిచి, ఫర్వాలేదు, తర్వాతి బంతి చూసుకో అని పిచ్చరుతో అన్నాడు. మెట్టు దిగి లోపలికి వెళ్ళి, చేతిలోని కాగితంలోకి చూస్తూ కూర్చున్నాడు.

వీరాంజనేయులు ఆట ఆపమని చెయ్యెత్తి, మాస్కు తీసి, వెనక జేబులోంచి బ్రష్షు తీసి వంగి ప్లేటు తుడిచాడు. ప్లేటు శుభ్రంగానే ఉంది. ఎవరైనా వస్తారని, రావడానికి సమయమిస్తూ, చాలాసేపు తుడిచాడు. ఎవరూ రాలేదు.